రాయిని బట్టి అడుగు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గండికోట లోయ గురించే. బెంగళూరులో ఉంటూ శని, ఆదివారాల్లో కొండలెక్కే తెలుగువాళ్లు రాసినవి. ఒకే సందేహం ఉన్నవాటిని కలిపి జవాబు చెబుతున్నాం.

ప్రశ్న (మారతహళ్లి నుంచి): మా ఆఫీసువాళ్లం ఆరుగురం. సావనదుర్గ, శివగంగ ఎక్కిన అలవాటుంది. జనవరిలో గండికోట వెళ్లి, లోయలో పెన్న దాకా దిగాలనుకుంటున్నాం. మాకున్న అలవాటు సరిపోతుందా? అక్కడి బండలు ఎవరో కోసి పేర్చినట్టు ఎందుకుంటాయి?

జవాబు: ఊపిరికీ కాళ్ల సత్తువకీ సరిపోతుంది. అడుగు వేసే పద్ధతికి సరిపోదు. అక్కడి రాయి వేరు.

మీరెక్కిన కొండలు గ్రానైట్ జాతివి. భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారి ఒకే ముద్దగా గట్టిపడింది. అందుకే మైళ్ల దూరానికి కూడా గుండ్రంగా, నున్నగా కనిపిస్తాయి. అక్కడ కాలి కింద ఉన్నది ఒకే బండ, అది కదలదు. జారితే మీరు జారాలి.

గండికోటలోది క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్లకు పైగా వెనక, నీటి అడుగున పొర మీద పొరగా పేరుకున్న ఇసుక గట్టిపడి ఈ రాయి అయింది. కొన్ని పలకల మీద ఆనాటి అలల గీతలు ఇప్పటికీ వేలితో తడిమి చూడొచ్చు. ఇనుము తుప్పు వల్ల ఎరుపు రంగు వచ్చింది. పొరలు దాదాపు అడ్డంగా పడుకుని ఉంటాయి, వాటిని నిలువు పగుళ్లు చీలుస్తాయి. అడ్డగీతా నిలువుగీతా కలిసేసరికి బండ దానంతటదే పెట్టెల్లా విడిపోతుంది. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న కిందికి దిగినకొద్దీ, ఆధారం పోయిన పెట్టె ఒక్కొక్కటే విరిగి పడింది. గట్టి రాయి కాబట్టి మిగిలిన గోడ ఒరిగిపోకుండా నిటారుగా నిలిచింది. మెత్తని రాయి అయితే అక్కడ ఏటవాలు గట్లు ఉండేవి, ఈ లోయ ఉండేది కాదు. ఈ పని చేసిన ఏరు పుట్టింది మీకు దగ్గర్లోనే, నంది కొండల ప్రాంతంలో.

ఇక నడక సంగతి. లోయ లోతు దాదాపు 300 అడుగులు. దిగే దారంతా విరిగి పడిన పెట్టెల మీదే. ఇక్కడ మీరు జారడం కన్నా బండ కదలడం పెద్ద ప్రమాదం. కాలు మోపి, బరువు వెయ్యకముందే ఒక్కసారి నొక్కి చూడండి. పలక అంచు మీద కాకుండా నడిమధ్య అడుగు వెయ్యండి. అంచు మీద వేస్తే పలక తక్కెడలా లేచి రెండో కాలి మడమకు తగులుతుంది. చేత్తో పట్టుకున్న రాయిని కిందికి నొక్కి ఆసరా తీసుకోవాలి, మీ వైపుకు లాగకూడదు. పొరల రాయిని ముందుకు లాగితే ఊడి వస్తుంది. విరిగిన క్వార్ట్‌జైట్ అంచు చాకులా కోస్తుంది, పలచని చేతి తొడుగులు పెట్టుకోండి.

ఆరుగురూ ఒకరి కింద ఒకరు దిగొద్దు. నిటారు చోట్ల పైవాళ్లు ఆగి, కిందివాళ్లు పక్కకు తప్పుకున్నాకే దిగాలి. రాయి కదిలితే ఎంత చిన్నదైనా "రాయి!" అని గట్టిగా అరవండి. కిందున్నవాళ్లు తలెత్తి చూడకుండా గోడకు అతుక్కుపోవాలి. లోయలోకి దిగే దారి పైనుంచి చూస్తే ఒకటిలాగే నాలుగు కనిపిస్తాయి. వాటిలో కొన్ని సగంలో నిలువు గోడ మీద ఆగిపోతాయి. కోట లోపల ఊరుంది. అక్కడివాళ్లలో ఒకరిని తోడు తీసుకోండి, కూలి ముందే మాట్లాడుకోండి. ఇందులో డబ్బు ఆదా చెయ్యొద్దని గట్టిగా చెబుతున్నాం.

దిగాక నీళ్లలోకి వెళ్లొద్దు. లోయకు పైన గండికోట జలాశయం, కింద మైలవరం జలాశయం ఉన్నాయి. పైనుంచి నీళ్లు వదిలితే ఇక్కడ మట్టం పెరుగుతుంది. మీ తలమీద వాన పడకపోయినా సరే. ఒడ్డునున్న తడి పలకల మీద పాచి పట్టి ఉంటుంది, నీటి కింద బండ ఎక్కడ తెగిపోతుందో కనిపించదు.

ప్రశ్న (ఎలహంక నుంచి): లోయ అంచున కూర్చుని ఫొటోలు తీసుకోవడం నిజంగా అంత ప్రమాదమా? అందరూ తీసుకుంటున్నారు కదా.

జవాబు: పైన చెప్పిన నిర్మాణమే దీనికీ జవాబు. పై పలక గట్టిగా ఉండి, కింది పలక ఊడిపోయిన చోట్లు అంచు పొడవునా ఉన్నాయి. మీరు కూర్చున్న బండ కింద ఏమీ లేదని దాని మీద నిలబడితే తెలియదు, పక్కకు వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. ముందు పక్కనుంచి చూడండి. బండకూ వెనకున్న రాతికీ మధ్య చీలిక ఉంటే, అందులో మట్టి, గడ్డి నిండి ఉన్నా సరే, అది విడివడిన బండే. దాని మీదికి వెళ్లొద్దు. మంచి రాతి మీద కూడా అంచుకు రెండు మీటర్ల ఇవతల ఆగండి. ఫొటో తీసేవాళ్లు "ఇంకొంచెం వెనక్కి" అనడమే పెద్ద ముప్పు, నిలబడ్డవాళ్లు చూడకుండా వెనకడుగు వేస్తారు. సాయంత్రం గాలి జోరు పెరిగితే చున్నీ, టోపీ ఎగిరి మనిషి అసంకల్పితంగా చెయ్యి చాస్తారు. పిల్లలతో వెళ్తే ఇంకో మీటరు వెనక్కి ఉండండి, చెయ్యి వదలొద్దు.

ప్రశ్న (ఎలక్ట్రానిక్ సిటీ నుంచి): రామనగరలో ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లతో కూడా జారాను. పైగా ఒక బూటు అడుగు ఊడిపోయింది. మోసపోయానా?

జవాబు: రెండూ వేర్వేరు కారణాలు. నున్నటి గ్రానైట్ మీద నిలబెట్టేది రబ్బరుకూ రాతికీ మధ్య ఒరిపిడి. లోతైన గాడులున్న అడుగు మట్టిలో పట్టు ఇస్తుంది కానీ, బోడి బండ మీద దాని కొసలే ఆనుతాయి. ఆనే రబ్బరు తక్కువ, పట్టు తక్కువ. అక్కడికి చదునైన, మెత్తని రబ్బరు అడుగున్న బూటు మేలు. దిగేటప్పుడు భయంతో వెనక్కి వాలితే పాదం మీద బరువు తగ్గి ఇంకా జారుతుంది. మోకాళ్లు కొంచెం వంచి, నడుము పాదాల మీదికి తెచ్చి, అరికాలంతా ఆనేలా చిన్న అడుగులు వెయ్యండి. బండ మీద నల్లటి చారలు వాన నీరు కారే దారులు, వాటిలో పాచి ఎండి ఉంటుంది. చిరుజల్లు పడినా అవి మళ్లీ జారుడుగా మారతాయి, దాటే పనైతే ఒక్క అంగలో దాటండి. గ్రానైట్ పైపొర ఎండకు వానకు ఉల్లిపొరలా లేస్తుంది. కర్రతో తడితే బోలుగా మోగే చోట అడుగు పెట్టకండి.

అడుగు ఊడటం చాలామటుకు వాడకపోవడం వల్ల జరుగుతుంది. మడమ కింద మెత్తగా ఉండే పాలీయురెథేన్ పొర గాలిలోని తేమతో లోలోపలే విరిగిపోతుంది. నాలుగైదేళ్లు డబ్బాలో దాచిన బూటు కొత్తదానిలాగే కనిపించి, తొలి నడకలోనే పొడి రాలుతుంది. బయల్దేరే వారం ముందు బూటును రెండు చేతులతో బాగా వంచి చూడండి, ఆ పొరలో బొటనవేలి గోరు దిగితే పక్కన పెట్టెయ్యండి. గండికోటకైతే చీలమండ కప్పే బూటు, కాస్త గట్టి అడుగు కావాలి, పలకల అంచులు అరికాలికి గుచ్చుకుంటాయి. బూటు సాయంత్రం పూట, నడకకు వాడే మేజోళ్లతోనే కొలిచి కొనండి. దిగుడులో వేళ్లు ముందుకు తోసుకొస్తాయి, అక్కడ వేలి మందం ఖాళీ లేకపోతే గోళ్లు నల్లబడతాయి.

ప్రశ్న (కె.ఆర్.పురం నుంచి): ఏ నెల మంచిది? నీళ్లు ఎన్ని మొయ్యాలి? బెంగళూరు నుంచి దారి చెప్పండి.

జవాబు: నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. మార్చి నుంచి రాయలసీమ ఎండ బెంగళూరువాళ్లకు అలవాటైనది కాదు, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. నిటారు గోడల మధ్య గాలి ఆడదు, కాగిన రాయి చీకటి పడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది. వానల్లో లోయ చూడ్డానికి అందంగా ఉంటుంది, దిగడానికి కాదు.

సగం రోజు నడకకు మనిషికి 3 లీటర్లు, ఎండ గట్టిగా ఉంటే 4. సగానికి సగం పైకెక్కడానికి మిగలాలి. ఇక్కడ తేలికైన దిగుడు ముందు, కష్టమైన ఎక్కుడు తర్వాత, అదీ పొద్దెక్కాక. చాలామంది దెబ్బతినేది ఈ లెక్క తప్పడం వల్లే. రెండో లీటరు నుంచి ఓఆర్‌ఎస్ కలుపుకోండి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నీ పొయ్యాలి. తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే మేలు కన్నా కీడు ఎక్కువ. వట్టి నీళ్లే తాగుతూ చెమట కక్కితే ఉప్పు తగ్గి తలనొప్పి, వికారం మొదలవుతాయి. తలనొప్పితో పాటు మాట తడబడినా, చెమట ఆగి ఒళ్లు కాలినా ఇక ఎక్కించొద్దు. నీడలో పడుకోబెట్టి మెడ, చంకలు, గజ్జలు తడుపుతూ విసరండి, 108కి ఫోన్ చెయ్యండి. లోయ అడుగున సిగ్నల్ నమ్మకం లేదు, ఒకరు పైనే ఉండటం మంచిది.

దారి: చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు. సుమారు 280 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే ఆరు గంటలు. బస్సులో ప్రొద్దుటూరు దాకా వచ్చి జమ్మలమడుగు చేరొచ్చు, అక్కడికి కోట 15 కిలోమీటర్లు. తెల్లవారుజామున బెంగళూరులో బయల్దేరి అదే రోజు మధ్యాహ్నం లోయలోకి దిగొద్దు. ఆ సాయంత్రం జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ, రంగనాథ ఆలయాలు చూసి, మర్నాడు వెలుగు రాగానే దిగండి. పదిన్నరకల్లా పైకి వచ్చెయ్యాలి.

ప్రశ్న (ఇందిరానగర్ నుంచి): కొండ గోడలకు పెద్ద తేనెతుట్టెలు చూశాం. అవి రేగితే?

జవాబు: కొండ తేనెటీగలు ఒకే పెద్ద పట్టును గోడ చూరు కింద వేలాడేస్తాయి. పొగ, ఘాటైన అత్తరు, రాయి విసరడం, డ్రోన్ చప్పుడు, ఇవి వాటిని రేపుతాయి. తుట్టె కింద సిగరెట్టు కూడా వెలిగించొద్దు. రేగితే నిలబడి చేతులు విసరకండి. ముఖం, మెడ గుడ్డతో కప్పుకుని, కాలికింద చూసుకుంటూ ఆగకుండా దూరం వెళ్లండి. నీటిలో దూకినా లాభం లేదు, పైకి తేలేదాకా అక్కడే తిరుగుతాయి. క్షేమమైన చోటికి చేరగానే ముల్లును గోటితో గీకి తీసెయ్యండి, ఎలా తీశామన్నదాని కన్నా ఎంత త్వరగా తీశామన్నది ముఖ్యం. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా కుట్టినవి ఒకటా రెండా అని లెక్కపెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న (బనశంకరి నుంచి): అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమెను కూడా తీసుకెళ్లొచ్చా?

జవాబు: కోట పైభాగం తీసుకెళ్లండి, లోయ అంచు దగ్గర రాళ్ల మీద మాత్రం నడిపించొద్దు. అక్కడికి సుమారు 60 కిలోమీటర్లలో కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలున్నాయి. అవి సున్నపురాయిలో నీరు కరిగించిన సొరంగాలు, మొత్తం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచింది అందులో కొంతే. దిగేందుకు మెట్లున్నాయి, కానీ లోపల ఉక్క ఎక్కువ. మొదటి గదుల దాకా వెళ్లి, పాతాళగంగ వైపు దిగకుండా వెనక్కి రావడం ఆమె మోకాళ్లకు మంచిది. బయల్దేరేముందు ఇంటి దగ్గరే లాల్‌బాగ్ బండ ఎక్కించి చూడండి. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది, దిగేటప్పుడు ఆమెకు ఎంత నొప్పి వస్తుందో అక్కడే తెలిసిపోతుంది.