మీటరు మీద మామగారి పేరు

ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టించుకోవడానికి కావలసిన అనుమతుల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు. ఇస్తున్నవారు విద్యుత్ శాఖలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి రిటైరైన ఇంజినీరు.

ప్రశ్న: మాకు రెండంతస్తుల సొంత ఇల్లు ఉంది. ఎండాకాలంలో నెలకు మూడు వందల యూనిట్లు దాటుతోంది. మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాలనుకుంటున్నాం. ఇల్లు చూడటానికి వచ్చిన కాంట్రాక్టరు, విద్యుత్ శాఖ సాంకేతిక అనుమతికీ మునిసిపాలిటీ అనుమతికీ కలిపి విడిగా పన్నెండు వేలు ఇవ్వాలన్నాడు. మా లోడు (మా ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) రెండు కిలోవాట్లే కాబట్టి అది పెరిగేదాకా దరఖాస్తు చేయలేమనీ అన్నాడు. మీటరు ఇప్పటికీ మా మామగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ సంగతి తరువాత చూసుకుందామంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్కర్లేనిదానికి మిమ్మల్ని డబ్బు అడుగుతున్నారు. తప్పనిసరిగా ముందు జరగాల్సినదాన్ని తరువాత చూద్దామంటున్నారు. నాకు బాధ కలిగించింది ఈ రెండోదే.

మొదట అనుమతుల సంగతి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో సవరించింది. పది కిలోవాట్ల వరకు పైకప్పు సోలార్‌కు దరఖాస్తు అన్ని విధాలా సరిగా ఉంటే, సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు లెక్క. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ పరిశీలన కోసమే ఫైళ్లు వారాల తరబడి బల్లలు మారేవి. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం ఎంత, దాని మీద ఇప్పటికే ఎంత సోలార్ ఉంది, లైను తట్టుకుంటుందా అని రాసి పంపాల్సి వచ్చేది. మీ మూడు కిలోవాట్లకు ఇప్పుడు ఆ మెట్టే లేదు. సోలార్‌కు తగ్గట్టు లోడు పెంచాల్సి వస్తే ఆ పని డిస్కమే, అంటే ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థే చేయాలని కూడా అదే నియమంలో ఉంది. ఐదు కిలోవాట్ల వరకు అయితే, మీ ఒక్కరి కోసం లైనును బలపరచాల్సి వచ్చినా ఆ ఖర్చు డిస్కందే. డిస్కం వైపు నుంచి వ్యవస్థను ప్రారంభించి ఇవ్వడానికి ఉన్న గడువును కూడా ముప్ఫై రోజుల నుంచి పదిహేను రోజులకు తగ్గించారు. లోడుకో మీటరుకో కట్టాల్సిన రుసుము ఏదైనా ఉంటే డిస్కం పేరుతో రసీదు వస్తుంది. రసీదు రాని రూపాయి ఎవరికీ ఇవ్వకండి.

మునిసిపాలిటీ మాటకొస్తే, మోకాలెత్తు ఫ్రేముల మీద ప్యానెళ్లు బిగించడం కొత్త గది కట్టడం కాదు. ఇళ్ల పైకప్పు సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకానికి జాతీయ పోర్టల్లో చేసే దరఖాస్తు కూడా మునిసిపల్ పత్రాన్ని అడగదు. అయితే ప్యానెళ్ల కింద బట్టలు ఆరేసుకోవచ్చని పదేసి అడుగుల స్తంభాలు లేపి, చుట్టూ రేకులో గోడలో పెట్టాలనుకుంటే అది వేరే సంగతి. అప్పుడు అది కట్టడం కిందికి వస్తుంది. పని మొదలుపెట్టకముందే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి, వారి మాట కాగితం మీద తీసుకోండి.

ఇక మామగారి పేరు. ఇదే ఆరంభంలో జరగాలి. దరఖాస్తుదారు పేరు, కరెంటు బిల్లు మీది పేరు, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా పేరు మూడూ ఒకటిగా ఉండాలి. మా అక్కగారింట్లో ఏం జరిగిందో చెబుతాను. మీటరు మా బావగారి తండ్రి పేరు మీద ఉంది. అక్కడి కాంట్రాక్టరు కూడా పరవాలేదన్నాడు. మార్చి నెలలో ఆరు ప్యానెళ్లు పైకెక్కాయి, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరు గోడకెక్కింది. పేరు కలవక, లోపలికి వచ్చిన కరెంటునూ బయటికి పంపిన కరెంటునూ విడిగా లెక్కించే నెట్ మీటరు మాత్రం రాలేదు. ఆ ఎండాకాలమంతా మూడు కిలోవాట్లు ఊరికే ఎండలో పడి ఉన్నాయి. మా అక్కయ్య వాటి మధ్య సందులో చాప పరిచి గుమ్మడి వడియాలు ఎండబెట్టుకుంది. మే నెల బిల్లు ఎప్పటిలాగే వచ్చింది. నేను అప్పుడు వేరే ఊళ్లో ఉన్నాను. ముందే ఒక్కసారి బిల్లు చూపించమని అడగనందుకు ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

కాబట్టి మామగారి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఇంటి దస్తావేజు లేదా తాజా ఇంటిపన్ను రసీదు, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం సిద్ధం చేసుకుని డిస్కం కస్టమర్ సర్వీస్ సెంటరులో పేరు మార్పుకు దరఖాస్తు చేయండి. మీ ఆడపడుచుల సంతకాలు కావాల్సి వస్తే పండగకు వచ్చినప్పుడే పెట్టించుకోండి. కొత్త పేరుతో ఒక బిల్లు చేతికి వచ్చాక పోర్టల్ తెరవండి. అందులో రాష్ట్రం, డిస్కం, సర్వీసు నంబరు ఇచ్చి దరఖాస్తు చేస్తారు. నమోదైన వెండర్ల, అంటే సోలార్ బిగించే సంస్థల జాబితా అక్కడే ఉంటుంది. మీ ఇంటికి వచ్చిన కాంట్రాక్టరు అందులో ఉన్నాడో లేదో చూడండి. పని పూర్తయ్యాక ఫొటోలు, వివరాలు పోర్టల్లో చేరతాయి, డిస్కంవారు తనిఖీ చేసి నెట్ మీటరు పెడతారు. మూడు కిలోవాట్లకు సబ్సిడీ 78,000 రూపాయలు. మొదటి రెండు కిలోవాట్లకు ముప్ఫై వేల చొప్పున, మూడోదానికి పద్దెనిమిది వేలు. నాలుగో కిలోవాటు పెట్టినా అంతకు మించి రాదు. ఆ డబ్బు మీ ఖాతాలోనే పడుతుంది. వెండరు ఖాతాలో పడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకొక్క మాట. నెట్ మీటరు రాకముందే "ఓసారి ఆన్ చేసి చూద్దాం" అంటే ఒప్పుకోకండి. కొన్ని డిజిటల్ మీటర్లు కరెంటు ఎటు పోయినా వాడకంగానే లెక్కిస్తాయి. మీరు బయటికి పంపిన యూనిట్లకు మీరే బిల్లు కట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: ఇరవై ఫ్లాట్ల అపార్టుమెంటులో మూడో అంతస్తు మాది. నా ఫ్లాటు వరకు మేడ మీద రెండు కిలోవాట్లు పెట్టుకుంటానంటే అసోసియేషన్ వద్దంటోంది. పైఅంతస్తువారు టెర్రస్ తమదేనంటున్నారు. ప్రభుత్వమే ప్రోత్సహిస్తున్నప్పుడు వీళ్ల అనుమతి ఎందుకు?
— ఒక బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ప్రభుత్వం ప్రోత్సహిస్తోంది నిజమే. కానీ ఆ మేడ మీ ఒక్కరిదీ కాదు, పైఅంతస్తువారిదీ కాదు. ఇళ్ల నిర్మాణం, అమ్మకాలను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ఉమ్మడి ప్రదేశాలను నిర్వచించేటప్పుడు టెర్రస్‌ను వాటిలో చేర్చింది. మీ దస్తావేజులో అవిభాజ్య వాటా అని చదరపు గజాల్లో ఉంటుంది, తీసి చూడండి. స్థలంలో మీ వాటా అంత అని అది చెబుతుంది తప్ప మేడ మీద ఫలానా మూల మీదని చెప్పదు. అందుకే సర్వసభ్య సమావేశంలో తీర్మానం, లిఖితపూర్వక సమ్మతి కావాలి. విద్యుత్ శాఖ ఎంత సుళువుగా ఒప్పుకున్నా ఈ కాగితం లేకుండా పని ముందుకు నడవదు.

అయినా మీరు సమావేశంలో వేరే ప్రతిపాదన పెడితే బాగుంటుందని నా అభిప్రాయం. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది, డిష్ యాంటెనాలు పోను మీ మేడ మీద ఇరవై కుటుంబాలకూ రెండేసి కిలోవాట్లు పట్టవు. మొదట అడిగిన ముగ్గురు నలుగురికి చోటు దక్కి మిగతావారికి దక్కకపోతే ఆ గొడవ తరతరాలు నడుస్తుంది. అదే లిఫ్టు, బోరు మోటారు, మెట్ల దీపాలు నడిచే కామన్ మీటరుకు సోలార్ పెట్టుకుంటే లాభం అందరికీ పంచుకుపోతుంది. ఇటువంటి ఉమ్మడి వాడకానికి సొసైటీలకు కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్ కూడా అందులో కలుస్తుంది. పది కిలోవాట్లు పెడితే లక్షా ఎనభై వేలు. నెలవారీ మెయింటెనెన్సులో కరెంటు వాటా ఎంతో గత పన్నెండు బిల్లులు పేర్చి, కూడి, సమావేశంలో చదివి వినిపించండి. పైఅంతస్తువారు కూడా ఆ అంకె వింటారు.

ప్రశ్న: ఒక వెండరు మూడు కిలోవాట్లకు మిగతావారి కంటే ఇరవై ఐదు వేలు తక్కువ చెబుతున్నారు. తీసుకోవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: ఆ ప్యానెళ్లు డీసీఆర్ రకమా అని అడగండి. అంటే ప్యానెలే కాదు, లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనదై ఉండాలి. సబ్సిడీ వాటికే వస్తుంది. దిగుమతి సెల్స్ వాడినవి చవక. కానీ ఇరవై ఐదు వేలు మిగిలిందనుకుని డెబ్బై ఎనిమిది వేలు పోగొట్టుకున్నట్టవుతుంది. ఒప్పందం మీద డీసీఆర్ అనీ, ఐదేళ్ల నిర్వహణ వెండరుదేననీ రాయించండి. సరుకు దిగిన రోజున ప్రతి ప్యానెల్ వెనక ఉన్న సీరియల్ నంబరును మీ ఫోనుతో ఫొటో తీసుకోండి. పైకెక్కి బిగించాక వాటి వెనక్కి తొంగిచూడటం కుదరదు.

ప్రశ్న: పొరుగింటివారికి సోలార్ ఉంది. గాలివానకు వీధిలో కరెంటు పోతే వాళ్లింట్లోనూ పోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. అది లోపమా? మేము పెట్టించేటప్పుడు ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లోపం కాదు, అలా ఆగిపోవాలన్నది నిబంధన. వీధి లైనులో కరెంటు లేదని గుర్తించగానే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మీ ఊరిని తాకిన తరువాత వేరే జిల్లా నుంచి నన్నూ పనికి పంపారు. విరిగిన స్తంభాలు, రోడ్డు మీద చిక్కుపడిన తీగలు. ప్రతి తీగను ముట్టుకునే ముందు మా లైన్‌మన్ అందులో కరెంటు ఉంటే భూమిలోకి పోయేలా ఎర్త్ రాడ్డు తగిలించేవాడు. సబ్‌స్టేషన్‌లో ఆపేశారని తెలిసినా తగిలించేవాడు. ఎవరి ఇంటి జనరేటరు నుంచి వెనక్కి కరెంటు వస్తుందో చెప్పలేము. మీ ఇన్వర్టరు ఆగకపోతే ఆ ప్రమాదం మీ మేడ మీది నుంచి వస్తుంది. కరెంటు పోయినా ఇంట్లో దీపాలు వెలగాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు, అంటే వీధి కరెంటు లేనప్పుడు ఇంటిని విడిగా నడిపేది, పెట్టుకోవాలి. బ్యాటరీ పెట్టారని సబ్సిడీ పెరగదు.

తనిఖీకి డిస్కంవారు వచ్చేలోపు మీరే మేడెక్కి రెండు చూడండి. ఒకటి, ఫ్రేము కాళ్లు. మీది సముద్ర తీరం, ఊరికే సిమెంటు దిమ్మలు ఆనించి వదిలేస్తే చాలదు. స్లాబులోకి యాంకర్ బోల్టులు దిగాలి, దిగినచోట నీరు కారకుండా పూత వేయించాలి. రెండోది ఎర్తింగ్. ప్యానెళ్ల వైపు ఒకటి, ఇన్వర్టరు తరువాతి వైపు ఒకటి, పిడుగు రాడ్డుకు ఒకటి, మూడు గుంతలు విడివిడిగా తీయాలి. నేను తనిఖీకి వెళ్లిన ఒక ఇంట్లో పైన మూడు మూతలూ ముచ్చటగా ఉన్నాయి. అనుమానం వచ్చి తవ్విస్తే మూడు తీగలూ ఒకే గొట్టానికి చుట్టి ఉన్నాయి, మిగతా రెండు మూతల కింద ఉత్త మట్టి. పిడుగు పడితే అది ఆ తీగల వెంట నేరుగా ఇన్వర్టరులోకి వచ్చేది. ఆ ఇంట్లో ఇన్వర్టరు బిగించింది పిల్లలు పడుకునే గది గోడకే. గుంతలు తవ్వే రోజున పని మానుకుని అయినా సరే దగ్గర నిలబడండి.