85,000 డాలర్ల ట్రక్కుకి ఏడాదిలో ఎన్ని రోజుల పని?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 37 ఏళ్లు. హెచ్-1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గ్రీన్‌కార్డు కోసం లైన్లో ఉన్నాం. మా ఆవిడ కూడా ఉద్యోగం చేస్తోంది. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 2,10,000 డాలర్లు. ఇద్దరు పిల్లలు. ఇంటి లోన్, డేకేర్, గుంటూరులో అమ్మానాన్నలకు పంపేది అన్నీ పోగా నెలకి 1,900 మిగులుతుంది. చేతిలో సేవింగ్స్ 22,000. నా కామ్రీ కారుకి తొమ్మిదేళ్లు నిండాయి, దాని స్థానంలో టెస్లా వాళ్ల ఎలక్ట్రిక్ పికప్ సైబర్‌ట్రక్ కొందామని ఉంది. ట్యాక్సుతో కలిపి 85,000 అవుతుంది. 15,000 డౌన్ కట్టి, మిగతా 70,000 ఆరు శాతం వడ్డీకి 72 నెలల లోన్ తీసుకుందామనుకుంటున్నాను. మొక్కలకి మట్టి, ఫర్నిచర్, తెలుగు సంఘం పండగలకి స్టేజి సామాను మోయడానికి పనికొస్తుంది. మా ఆవిడేమో స్టీల్ బీరువాకి చక్రాలు పెట్టినట్టుందంటోంది. బావమరిది స్లేట్ అనే చిన్న ఎలక్ట్రిక్ పికప్ వచ్చేదాకా ఆగమంటున్నాడు. నెల రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇప్పుడు, ఈ లోన్‌తో మాత్రం వద్దు. మీకు ఆ బండి అంటే ఎంత ఇష్టమో మీ మాటల్లోనే తెలుస్తోంది, అందుకే కారణాలు వివరంగా చెబుతాను.

ముందు మీ ఇంట్లో గొడవకి మూలమైన డిజైన్ సంగతి. అందం ఎవరి కంటికి వాళ్లది, అందులో నేను తలదూర్చను. కానీ డిజైన్‌లో డబ్బు దాగి ఉంటుంది. పోయిన దసరాకి మా ఊరి గుడిలో వాహన పూజలు జరుగుతుంటే వరసలో ఒక సైబర్‌ట్రక్ ఉంది. పంతులుగారు ముందు భాగం మీద గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. ఆయన పక్క బండి దగ్గరికి వెళ్లగానే ఆ ఇంటి అబ్బాయి జేబులోంచి మెత్తని గుడ్డ తీసి బొట్టు తుడవడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ బాధపడింది: “పూజ బొట్టు ఇవాళైనా ఉంచరా!” అతని భయమూ అర్థం చేసుకోదగ్గదే. ఆ బండికి రంగు ఉండదు, బయటికి కనిపించేది ఉత్త స్టీలు. పిల్లల వేలిముద్రలన్నీ తలుపుల మీద వరసగా కనిపిస్తున్నాయి. పక్షి రెట్టలు, జిడ్డు, చచ్చిన పురుగులు, రోడ్డు ఉప్పు లాంటివి వెంటనే కడిగేయాలని కంపెనీ మాన్యువల్లోనే ఉంది.

మామూలు కారుకి సొట్ట పడితే ఏ వీధి బాడీ షాపులోనైనా పుట్టీ పెట్టి రంగు కొట్టి ఇస్తారు. రంగే లేని స్టీలుకి ఆ దారి లేదు. ప్యానెల్ మొత్తం మార్చాల్సి రావచ్చు, అదీ ఆ పని తెలిసిన షాపులోనే. రిపేరు ఖర్చు ప్రీమియంలో తేలుతుంది కాబట్టి, ఏ బండైనా సరే, ఆర్డర్ పెట్టకముందే మీ ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి ఆ మోడల్‌కి రేటు అడగండి. మీరు రాసిన లెక్కలో ఇన్సూరెన్స్ అన్న మాటే లేదు.

ఇంకో విషయం. 2019 నవంబర్‌లో ఈ ట్రక్కుని చూపించినప్పుడు ప్రారంభ ధర 39,900 డాలర్లన్నారు. 2023 నవంబర్ చివర్లో డెలివరీలు మొదలయ్యేసరికి ఆల్ వీల్ డ్రైవ్ మోడల్ 79,990 అయింది. 2025 మార్చిలో, పక్కన పైభాగంలో అతికించిన స్టీలు పట్టీ ఊడిపోయే ప్రమాదముందని 46,000కి పైగా బండ్లను రీకాల్ చేశారు. చెడ్డ బండి అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. 11,000 పౌండ్లు లాగగలదు, వెనక సామాను వేసుకునే తొట్టికి తాళం పడే మూత ఉంది, ఎత్తు తగ్గించే ఎయిర్ సస్పెన్షన్ ఉంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కడం కొంచెం తేలిక. కానీ పూర్తిగా కొత్త తరహా డిజైన్‌తో వచ్చిన బండికి మొదటి కొన్నేళ్లలో రీసేల్ ధర ఎంత పలుకుతుందో ముందుగా ఊహించడం కష్టం. మీ పరిస్థితిలో నన్ను భయపెట్టేది అదే.

ఎందుకో లెక్క చూడండి. 70,000 మీద ఆరు శాతం, 72 నెలలంటే నెలకి 1,160 డాలర్లు. మొత్తం వడ్డీ 13,500 పైమాటే. ఏడాది కట్టాక కూడా ఇంకా సుమారు 60,000 బాకీ ఉంటుంది. ఆ ఏడాదిలో 80,000 బండి విలువ 35 శాతం పడిందనుకోండి, ఉదాహరణకే చెబుతున్నాను, అప్పుడు దానికి వచ్చేది 52,000. బండి అమ్మినా బ్యాంకుకి ఎదురు 8,000 కట్టాలి. మీరు ముందే కట్టిన 15,000 కాక ఇది.

“నేనెందుకు అమ్ముతాను?” అని మీరు అడుగుతారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇల్లు, పిల్లల స్కూలు, రెజ్యూమె, ఇంటర్వ్యూల మధ్య ఈ ట్రక్కునీ అమ్మాల్సి వస్తే తొందరలో ఎవరెంతంటే అంతకి ఇచ్చేస్తారు. ఇండియాకి వచ్చేసినా లోన్ మీ పేరు మీదే ఉంటుంది. పైగా మీరు డౌన్ పేమెంట్‌కి తీస్తానంటున్నది సేవింగ్స్‌లోంచి. 22,000లో 15,000 పోతే మిగిలేది 7,000. మీ ఖర్చులకి అది ఒక నెలైనా వస్తుందా? గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న కుటుంబం దగ్గర కనీసం ఆరు నెలల ఖర్చు బ్యాంకులో కదలకుండా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇలాంటి టెన్షన్‌లో రాత్రుళ్లు నిద్రపట్టని వాళ్లతో ఫోన్లో మాట్లాడుతూ ఎన్నోసార్లు తెల్లవారింది. మీరు ఆ స్థితికి రాకూడదు.

ఎలక్ట్రిక్ కాబట్టి కలిసొస్తుందన్న ఆశ కూడా ఉండవచ్చు. ఏడాదికి 12,000 మైళ్లనుకుందాం. మీ కామ్రీ గ్యాలన్‌కి 30 మైళ్లిస్తే, గ్యాలన్ 3 డాలర్ల చొప్పున 1,200 అవుతుంది. ఇంత బరువైన ట్రక్కు మైలుకి 0.45 యూనిట్లు తాగుతుందనుకుని, ఇంట్లో యూనిట్ 14 సెంట్లు వేసినా కరెంటుకి 750 పైన. మిగిలేది ఏడాదికి 450 లోపు. అందులోంచి ఎలక్ట్రిక్ బండ్లకి టెక్సస్ వసూలు చేసే ఏడాదికి 200 డాలర్ల ఫీజు తీసేయండి, అదీ కొత్త బండికి మొదట రెండేళ్లది కలిపి 400 కట్టించుకుంటారు. 7,500 డాలర్ల ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. కారు లోన్ వడ్డీకి కొత్తగా వచ్చిన మినహాయింపు ఉంది, అమెరికాలో తయారైన కొత్త బండ్లకి 2028 దాకా వర్తిస్తుంది. కానీ దంపతుల ఆదాయం 2,00,000 దాటాక ప్రతి 1,000కి 200 చొప్పున తగ్గుతూ వస్తుంది. మీ ఆదాయానికి మొదటి ఏడాది చేతికందేది సుమారు 420 డాలర్లు. దాన్ని చూసి బండి కొనకండి.

ఇక బావమరిది చెప్పిన స్లేట్. 2025 ఏప్రిల్‌లో చూపించారు. సైబర్‌ట్రక్‌కి పూర్తిగా ఎదురు దారి అది. పెయింట్ వేయని బూడిదరంగు ప్లాస్టిక్ ప్యానెళ్లు, చేత్తో తిప్పే అద్దాలు. స్పీకర్లు లేవు, టచ్ స్క్రీన్ లేదు, ఫోన్ పెట్టుకునే స్టాండే దిక్కు. బేస్ బ్యాటరీతో సుమారు 150 మైళ్లు. క్రెడిట్ పోయాక ధర 25,000 అటూఇటూ అన్నారు. గీత పడినా కంగారుపడక్కర్లేని ఆ ఆలోచన నాకు నిజంగా నచ్చింది. కానీ రెండే సీట్లు. కిట్ కొని బిగిస్తే అయిదు సీట్ల ఎస్‌యూవీ అవుతుంది, అప్పుడు తొట్టి పోతుంది. లాగగలిగేది 1,000 పౌండ్లే. మీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని స్కూలుకి వెళ్లలేని బండి కామ్రీ స్థానంలోకి రాలేదు. రిజర్వేషన్ 50 డాలర్లు వెనక్కిచ్చేదే కాబట్టి బావమరిది ముచ్చటపడితే కట్టుకోనివ్వండి. రోడ్డు మీద జనం నడిపి చూశాకే మీరు దాని గురించి ఆలోచించండి.

ఇంతకీ అసలు ప్రశ్న తొట్టి గురించి, అదే ఇక్కడ అందరూ బెడ్ అనేది. పికప్‌కి మనం అదనంగా పెట్టే డబ్బంతా దానికోసమే. గోడకున్న క్యాలెండర్ తీసి, పోయిన ఏడాదిలో మీకు నిజంగా తొట్టి కావలసి వచ్చిన రోజులకి చుక్కలు పెట్టండి. వసంతంలో మట్టి బస్తాలు రెండు శనివారాలు, ఒక సోఫా, బతుకమ్మకి, సంక్రాంతికి స్టేజి సామాను. నా అంచనాకి పది దాటవు. యూ-హాల్ లాంటి చోట పికప్ అద్దె రోజుకి 20 డాలర్ల నుంచి మొదలవుతుంది, మైళ్లకి వేరే. పదిసార్లు తీసుకున్నా మొత్తం మీ ఒక నెల కిస్తీ కంటే తక్కువే అవుతుంది. అమ్మానాన్నలొస్తే మీరు ఆరుగురు. వాళ్లున్నన్నాళ్లూ అయిదు సీట్ల ట్రక్కులో అందరూ కలిసి గుడికి కూడా వెళ్లలేరు.

అయినా పికప్ కావాలనిపిస్తే దానికో మంచి కారణం ఉంది, మీరు రాయలేదు గానీ నేను చెబుతాను. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకి టెక్సస్‌లో లక్షల ఇళ్లకి కరెంటు పోయి, చంటిపిల్లలతో దుప్పట్లు కప్పుకుని కూర్చున్న ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. సైబర్‌ట్రక్కైనా, ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ అయినా తగిన పరికరాలు బిగించుకుంటే ఇంటికి కరెంటు ఇవ్వగలవు. ఆ ఇన్‌స్టలేషన్ ఖర్చు వేరే, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత కొటేషన్ తీసుకోండి. లైట్నింగ్ 2022లో రోడ్డెక్కింది, 2025 డిసెంబర్‌లో ఫోర్డ్ దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చూడొచ్చు. విలువ పడే దెబ్బ మొదటి ఓనర్‌ తినేసి ఉంటాడు. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీలో ఎంత మిగిలిందో చూసుకోండి. బరువైన ట్రైలర్ లాగితే ఏ ఎలక్ట్రిక్ పికప్‌ రేంజైనా సగానికి దగ్గరగా పడిపోవచ్చు, మీకు ట్రైలర్ లేదు కాబట్టి ఆ బాధ లేదు. గరాజ్‌ని మాత్రం టేపుతో కొలవండి. ఈ రెండూ 18 అడుగుల పైనే ఉంటాయి, గరాజ్ వెనక గోడకి వాటర్ హీటర్, రెండో ఫ్రిజ్ ఉన్న ఇళ్లలో తలుపు మూసుకోకపోవచ్చు.

ఈ నెల నుంచి ఇలా చేయండి. విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, ట్రక్కు కొన్నట్టే ప్రతి ఒకటో తారీఖున 1,160 అందులో వేయండి. ఆరు నెలల్లో 6,960 అవుతుంది. ఇప్పుడున్న 22,000 ముట్టుకోవద్దు. డేకేర్ ఫీజు పెరిగినా, నాన్నగారికి ఆస్పత్రి ఖర్చు వచ్చినా ఆ 1,160 తప్పకుండా వేయగలిగితే మీకు శక్తి ఉన్నట్టు. ఏ నెలైనా ఆగిపోతే ఆ కిస్తీ మీ ఇంటికి బరువని కాగితం మీద సంతకం పెట్టకముందే తెలిసిపోతుంది. కామ్రీకి ఈలోగా బ్రేకులు, టైర్లు చూపించండి, తొమ్మిదేళ్ల కామ్రీకి ఇంకా చాలా జీవితం ఉంది. తర్వాత కొన్నా ధర 35,000 దాటకుండా, లోన్ 48 నెలలు మించకుండా చూసుకోండి.

మీ ఆవిడతో డిజైన్ మీద వాదించడం ఆపి ఈ అంకెలు ఇద్దరూ కలిసి చూడండి. ఆమె బీరువా అంటున్నది చూపు గురించే కాకపోవచ్చు, సేవింగ్స్ ఖాళీ అవుతాయన్న భయం కూడా అందులో ఉండొచ్చు, ఒకసారి అడగండి. ఆరు నెలలయ్యాక ఖాతాలో ఎంత చేరిందో, క్యాలెండర్ మీద ఎన్ని చుక్కలు పడ్డాయో నాకు రాయండి. ఏ ట్రక్కు అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.