మునిగిన ఊరి నుంచి వెళ్లిపోయిన ఆమెను ఈ వయసులో వెతకవచ్చా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నా వయసు 75. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో కొల్లాపూర్ దగ్గరి పల్లె. పంతులుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. 1968లో నేను కొల్లాపూర్‌లో హైస్కూలు చివరి తరగతిలో ఉండగా, కృష్ణ ఒడ్డునున్న ఒక ఊరి నుంచి వచ్చి మేనమామ గారింట్లో ఉండి చదువుకుంటున్న అమ్మాయితో పరిచయమైంది. మేము హద్దు దాటింది లేదు, కానీ పెళ్లంటూ చేసుకుంటే ఒకరినొకరం చేసుకోవాలనుకున్నాము. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. ఆమె తన ఊరికి వెళ్లిపోయింది. మళ్లీ బడి తెరిచేసరికి ఆమెకు పెళ్లి కుదిరిందని తెలిసింది. ఎవరిని చేసుకున్నదో, ఏ ఊరికి వెళ్లిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ తర్వాత ఆమె ఊరు కూడా శ్రీశైలం నీళ్లలో మునిగిపోయింది. నాకు పెళ్లయింది, పిల్లలు స్థిరపడ్డారు. నా భార్య నాలుగేండ్ల కింద కాలం చేసింది. ఆమెను ఏనాడూ తక్కువ చేసి చూడలేదు. ఇప్పుడు ఆ చిన్ననాటి మనిషి ఎక్కడున్నదో, సుఖంగా ఉన్నదో లేదో తెలుసుకోవాలని మనసు పీకుతున్నది. మనవడు పాత బడి ఫోటో ఫేస్‌బుక్‌లో పెడతానంటున్నాడు. కొడుకు మాత్రం ‘ఈ వయసులో ఇదేమిటి నాయనా, నలుగురూ ఏమనుకుంటారు’ అని కోపగించుకున్నాడు. బిడ్డ ఏమీ అనలేదు. నేను వెతకడం తప్పా? తప్పు కాకపోతే ఎట్లా వెతకాలి?

జవాబు: అయ్యా, మీరు వెతకడం తప్పు కాదు. మీ భార్య మీద మీకున్న గౌరవానికీ ఈ కోరికకూ విరోధమున్నట్టు నాకు కనిపించలేదు. ఒక మనిషితో నలభై యాభై ఏండ్లు కాపురం చేసి, చివరిదాకా చూసుకుని, ఆమె పోయిన తర్వాత ఇంట్లో ఏర్పడిన నిశ్శబ్దంలో చిన్ననాటి ముఖం ఒకటి గుర్తుకు రావడం చాలామందికి జరిగేదే. అయితే మీ కొడుకు అన్న ‘నలుగురూ ఏమనుకుంటారు’ అనే మాటను పూర్తిగా కొట్టిపారేయవద్దని కూడా చెప్పక తప్పదు. ఆ మాట మీ విషయంలో నిజం కాకపోవచ్చు, ఆమె విషయంలో మాత్రం నిజం. మీ గురించి ఊళ్లో నలుగురు నవ్వితే రెండు రోజుల్లో మరిచిపోతారు. డెబ్బయి దాటిన ఒక స్త్రీని, కొడుకులూ కోడళ్లూ మనవలూ ఉన్న ఇంట్లో ఉంటున్న మనిషిని, ‘ఎవరో మగమనిషి వెతుక్కుంటూ వచ్చిండట’ అని వాడకట్టంతా చెప్పుకుంటే, ఆ మాట ఆమె వెంట చివరిదాకా ఉంటుంది. ఆమె భర్త బతికే ఉంటే సంగతి ఇంకా కష్టం. కాబట్టి ఎట్లా వెతకాలనే మీ రెండో ప్రశ్నకు నేను చెప్పేదంతా, ఆమెకు ఏ నష్టమూ రాకుండా, కబురు అందుకోవాలా వద్దా అనే నిర్ణయం ఆమె చేతిలోనే ఉండేలా వెతకడం గురించే.

మొదట మీ మనవడిని ఆ ఫోటో పెట్టవద్దనండి. పిల్లవాడు ప్రేమతోనే అన్నాడు, కానీ ఒకసారి వాట్సాప్ గుంపుల్లోకి వెళ్లిన ఫోటోను వెనక్కి తెచ్చుకోలేము. దాని కింద ఎవరు ఏమి రాస్తారో మన చేతిలో ఉండదు. ఆ ఫోటోలో ఆమెతోపాటు మరికొందరు ఆడపిల్లలు కూడా ఉండి ఉంటారు, వారిని అడిగినవారూ లేరు. పత్రికలో ప్రకటన ఇవ్వడానికి కూడా ఇదే అభ్యంతరం. ఒకరి సొంత జీవితం వారిదేనని, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో తీర్పు చెప్పారు. ఆ తీర్పు లేకపోయినా మీవంటి పెద్దమనిషికి ఇది తెలియనిది కాదు.

కాగితాల దారి కూడా మిమ్మల్ని దూరం తీసుకుపోదు. ఓటర్ల జాబితాలు ఎన్నికల సంఘం వారు అందరూ చూసేలా ఉంచుతారు. వాటిలో పేరు, వయసు, ఇంటి నంబరు, పెళ్లయిన స్త్రీ అయితే సాధారణంగా భర్త పేరు ఉంటాయి. మీకు భర్త పేరు తెలియదు, ఊరు తెలియదు. మీరు ఉత్తరంలో రాసిన ఆమె పేరు (ఇక్కడ అచ్చు వేయడం లేదు) పాలమూరు పల్లెల్లో వాడకు ముగ్గురికైనా ఉండే పేరు. పైగా ఆ రోజుల్లో కృష్ణకు ఈ ఒడ్డువారూ ఆ ఒడ్డువారూ వియ్యమందడం మామూలే. పుట్టిలో నది దాటితే అప్పటి కర్నూలు జిల్లా. ఆమెను ఆ వైపు ఇచ్చి ఉంటే, 2014 తర్వాత అది మరో రాష్ట్రం, జాబితాలూ వేరు. 2016లో మన మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు కొల్లాపూర్ నాగర్‌కర్నూల్‌లోకి, వీపనగండ్ల వనపర్తిలోకి, అలంపూర్ జోగులాంబ గద్వాలలోకి పోయాయి. పేరు ఒక్కటే పట్టుకుని ఇన్ని జిల్లాల జాబితాలు తిరగేస్తే కళ్లు పోవడమే తప్ప ప్రయోజనం లేదు. భూసేకరణ కాగితాల్లో ఆమె తండ్రి పేరు ఉండవచ్చు. కానీ శ్రీశైలం ముంపు ఊళ్లవారికి చాలావరకు నగదు పరిహారమే చేతిలో పెట్టారు. ఆ డబ్బు తీసుకుని వారు ఎటు వెళ్లారో ఆ కాగితం చెప్పదు. సమాచార హక్కు చట్టం కింద అడిగినా, ప్రజాప్రయోజనం లేని వ్యక్తిగత వివరాలను ఇవ్వనక్కరలేదని ఆ చట్టంలోని 8వ సెక్షనే చెబుతున్నది.

మరి దారి ఏమిటి? మునిగిన ఊరి మనుషులే దారి. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు పోయాయి. 1981లో ఇళ్లు కూల్చి మరీ ఖాళీ చేయించారు. ఆ వేసవిని చూసినవారు ఈనాటికీ దాని గురించి గొంతు పూడుకుపోకుండా మాట్లాడలేరు. కొందరు గట్టు మీదికి జరిగి అదే పేరుతో ఊరు కట్టుకున్నారు. కొందరు కొల్లాపూర్, పెబ్బేరు, వనపర్తి చేరుకున్నారు. కొందరు కూలి వెతుక్కుంటూ హైదరాబాదుకు పోయారు. అయినా వారి మధ్య లెక్క తెగిపోలేదు. దానికి కన్నీళ్లు తెప్పించే కారణం ఒకటున్నది. ముంపు కుటుంబాలకు ఇంటికొక ఉద్యోగమంటూ 1986లో ప్రభుత్వం ఇచ్చిన 98వ నంబరు జీవో అమలు కోసం వారి పిల్లలూ మనవలూ దశాబ్దాలుగా కార్యాలయాల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. అందుకని ఎవరి ఇల్లు ఎవరిది, ఎవరి బిడ్డను ఎక్కడిచ్చారు, ఎవరు బతికున్నారు అన్నది ఆ ఊరివారిలో ఎవరో ఒకరు నోటి మీద చెప్పగలుగుతారు. మహాశివరాత్రికి కొల్లాపూర్ దగ్గరి సోమశిల గుడులకు వచ్చేవారిలో కూడా ఆ నీటి కింది ఊళ్లవారు ఉంటారు. ఆ గుడులనూ ముంపు నుంచి తప్పించి పైకి తరలించి కట్టిన సంగతి మీకు తెలిసిందే. ఇంతకంటే దగ్గరి దారి ఇంకొకటున్నది. ఆమె మేనమామ గారి ఇల్లు కొల్లాపూర్‌లోనే కదా అన్నారు. ఆయన లేకపోయినా ఆయన కోడళ్లో మనవరాళ్లో అక్కడ ఉండి ఉంటారు. మేనకోడలి సంగతి మేనమామ ఇంట్లో తెలియకుండా ఉండదు.

అయితే ఆ గడప మీరు తొక్కవద్దు. ఇది మీకు బాధ కలిగించే మాటని తెలుసు. మీ బిడ్డ ఏమీ అనలేదని ఉత్తరం చివర్లో రాశారు. నాకు ఆ వాక్యం దగ్గర ఆశ కలిగింది. ముందు ఆమెతో కూర్చుని మాట్లాడండి. ‘మీ అమ్మ మీద నాకున్న ప్రేమలో ఇది తక్కువ చేసేదేమీ లేదు, నాకు తెలుసుకోవాలని ఉంది, నీకు కష్టంగా ఉంటే ఇక్కడే ఆపేస్తాను’ అని చెప్పండి. తల్లి పోయిన ఆడపిల్లకు ఈ సంగతి మింగుడుపడటానికి కొన్నాళ్లు పట్టవచ్చు, తొందరపెట్టకండి. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, ఆమెనే ఆ ఇంటికి పంపండి. ఒక ఆడమనిషి గురించి ఇంకొక ఆడమనిషి అడిగితే దానిలో ఎవరికీ ఏ అర్థమూ తోచదు. ‘మా నాయన, ఆ అమ్మ ఒకే బడిలో చదువుకున్నారట, ఎట్లున్నరని అడగమన్నడు’ అంటే చాలు. అది అబద్ధం కాదు, అంతకు మించి ఎవరికీ చెప్పవలసిన పనీ లేదు. బిడ్డ ఒప్పుకోకపోతే, మీతో చదువుకున్న ఆడవాళ్లలో కొల్లాపూర్ చుట్టుపక్కల ఉన్నవారెవరైనా ఆ పని చేయగలరు.

ఆచూకీ తెలిస్తే ఉత్తరం రాయకండి. ఆ వయసులో కళ్లు సరిగా కనిపించక ఉత్తరాలు మనవలతో చదివించుకునేవారే ఎక్కువ. ఫోను కూడా మీరు చేయకండి. ఆ ఇంట్లో ఫోను ఎవరు ఎత్తుతారో మనకు తెలియదు. మీ బిడ్డే ఆమెను ఒంటరిగా కలిసినప్పుడు మీ పేరు చెప్పి, మీరు బాగున్నారని, ఆమె బాగుండాలని కోరుతున్నారని మాత్రమే చెప్పి, తన నంబరు ఆమెకు ఇచ్చి రావాలి. మాట్లాడాలనిపిస్తే ఆమే చేస్తారు. చేయకపోతే అదే జవాబు. రెండోసారి కబురు పంపవద్దు, ఇంకొకరిని పంపవద్దు, ఆ ఊరి మీదుగా బస్సులో వెళ్లి దిగనూ వద్దు. ఇష్టం లేదని తెలిసిన తర్వాత వెంటబడటం చట్టం దృష్టిలో కూడా నేరమే. మీరు ఆ పని చేసేవారు కాదని ఉత్తరంలో ప్రతి వాక్యం చెబుతున్నది, అయినా మనసు ఒంటరిగా ఉన్నప్పుడు ‘ఒక్కసారి’ అనే మాట చాలా దూరం నడిపిస్తుంది.

మరో మూడు సంగతులకు సిద్ధపడి బయలుదేరండి. ఆమె ఇప్పుడు లేకపోవచ్చు. అదే జరిగితే ఆ కబురు మీకు చెప్పే మనిషి మీ బిడ్డే అవుతుంది. ఆమెకు ఆ భారం ఉంటుందని ముందే చెప్పి ఉంచండి. రెండోది, ఆమె మిమ్మల్ని అంతగా తలుచుకోకపోయి ఉండవచ్చు. తండ్రి చెప్పిన సంబంధానికి తల వంచి, అత్తగారింట్లో ఒదిగి, పిల్లలను కని, పుట్టిన ఊరు నీళ్లలో పోవడం చూసిన స్త్రీకి, బడి రోజులు ఎవరో ఇంకొకరి జీవితంలా అనిపించవచ్చు. దాన్ని మీ పట్ల చిన్నచూపుగా తీసుకోకండి. మూడోది, ఆమె సుఖంగా లేదని తెలియవచ్చు. అప్పుడు ఆమెకు సాయం చేయాలని మీకు వెంటనే తోస్తుంది. డబ్బు పంపవద్దు, ఆ ఇంటివారిని నిలదీయవద్దు. కొడుకులు చూడటం లేదని తెలిస్తే, పిల్లలు పట్టించుకోని తల్లిదండ్రులు ఆర్డీవో దగ్గర పోషణ కోసం దరఖాస్తు పెట్టుకునే వీలు 2007 నాటి చట్టంలో ఉన్నదని మీ బిడ్డ ద్వారానే ఆమెకు తెలియజేయవచ్చు. పెట్టుకోవడం పెట్టుకోకపోవడం ఆమె ఇష్టం.

మీరు ఉత్తరంలో ‘సుఖంగా ఉన్నదో లేదో తెలుసుకోవాలి’ అని రాశారు, ‘కలవాలి’ అని రాయలేదు. ఆ మాట మీద నిలబడగలిగితే, మేనమామ ఇంటి గడప దగ్గర ‘బాగనే ఉన్నది, మనవరాలి పెళ్లి కూడా చేసింది’ అని మీ బిడ్డకు చెప్పినా మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. అంతకు మించి వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు మీరిద్దరూ ఆలోచించుకోండి. కొడుకుకు కూడా ఈ ఏర్పాటంతా ముందే చెప్పండి. ఫోటో ఎక్కడా పెట్టడం లేదని, అక్కే వెళ్తున్నదని, ఎదుటివారు వద్దంటే ఆగిపోతారని తెలిస్తే ఆయన కోపం చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.