మచ్చకు మూలమైన సిగ్నల్‌ను ప్లేట్‌లో పట్టుకోవడం ఎలా

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

రెటీనా చిరిగితే దాని వెనక రంగు పొరగా ఉండే ఆర్‌పీఈ కణాలు తమ చోటు వదిలి విట్రియస్‌లోకి, అంటే కంటి లోపలి జెల్లీలోకి, చేరతాయి. అక్కడ టీజీఎఫ్-బీటా2 అనే సిగ్నల్ ప్రోటీన్ తగిలితే పక్క కణాలతో పట్టు తెంచుకుని పొడవుగా సాగుతాయి, కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్‌ను పేరుస్తాయి. అలా ఏర్పడిన మచ్చ పొర ముడుచుకుంటూ రెటీనాను లాగుతుంది. ఆపరేషన్‌తో అతికించిన రెటీనా మళ్లీ ఊడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. అందుకే ఈ మార్పును ప్లేట్‌లో పరీక్షించే నీ పని మీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే.

ముందు కణాల పోషక ద్రవంలో కలిపే సీరం సంగతి చూడు. అందులోనే టీజీఎఫ్-బీటా, పీడీజీఎఫ్ అనే మరో సిగ్నల్ ప్రోటీన్ రెండూ ఉంటాయి. 10 శాతం సీరంలో ప్రయోగం పెడితే కంట్రోల్ కణాలు కూడా మారినట్టే కనిపిస్తాయి. ప్లేట్ నిండాక 24 గంటలు సీరం మానేసి, ఆ తర్వాత మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల టీజీఎఫ్-బీటా2 వెయ్యి. ల్యాబ్‌లో పెంచే ఆర్‌పీఈ రకమైన ఏఆర్‌పీఈ-19 కణాలు పలచగా ఉంటే ఏ సిగ్నలూ లేకపోయినా సాగిపోతాయి, తొందరపడకు.

టీజీఎఫ్-బీటా2 పొడిని ఒట్టి నీళ్లలో కలపకు. 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఆల్బుమిన్ చేర్చి కలుపు. ఆల్బుమిన్ లేకపోతే ప్రోటీన్ ట్యూబు గోడకే అంటుకుపోతుంది, కణాలకు అందింది ఎంతో చెప్పలేం. కంట్రోల్‌కూ అదే ద్రావణం అంతే వెయ్యి.

సిగ్నల్‌ను కణం లోపలికి మోసే స్మాడ్2 ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగులుకోవడం (ఫాస్ఫొరిలేషన్) చూడాలంటే గంటలోపే కణాలు తియ్యి. కణాలు మచ్చ కణాలుగా మారాయని చూపే ఆల్ఫా-ఎస్‌ఎంఏ ప్రోటీన్ కోసమైతే 48 నుంచి 72 గంటలు ఆగాలి. ప్రోటీన్లను సైజును బట్టి విడదీసి చూసే బ్లాట్‌లో, శాంపిళ్లు సమానంగా వేశామని చూపే జోడీ ప్రోటీన్‌గా బీటా-యాక్టిన్ పెట్టకు: అదీ ఆల్ఫా-ఎస్‌ఎంఏ రెండూ 42 కిలోడాల్టన్ల దగ్గరే పడతాయి. జీఏపీడీహెచ్ ప్రోటీన్ మేలు.

అసలు పరీక్ష కొల్లాజెన్ జెల్: కణాలు దాన్ని ఎంత ముడుస్తాయో వైశాల్యం కొలిచి చూస్తాం. తటస్థం చేసిన కొల్లాజెన్‌ను ఐస్ మీంచి తియ్యకు, వెచ్చబడితే పిపెట్‌లోనే గడ్డకడుతుంది. కణాలు కలిపి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచు. గట్టిపడ్డాక సన్నటి టిప్‌తో అంచు చుట్టూ విడదీయి. ఒక్కచోట అతుక్కున్నా జెల్ వంకరగా ముడుచుకుని వైశాల్యం తప్పుగా వస్తుంది. బుడగ ఉన్న జెల్‌ను పక్కన పెట్టేయ్.

ముడుచుకోవడం టీజీఎఫ్-బీటా వల్లేనా అన్నది తేలాలంటే, కొన్ని జెల్స్‌కు టీజీఎఫ్-బీటా వేసే గంట ముందు, దాని సిగ్నల్‌ను అడ్డుకునే మందు ఎస్‌బీ431542ను 10 మైక్రోమోలార్ ఇచ్చి చూడు. అప్పుడూ ముడుచుకుంటే మరో దారి పనిచేస్తోందన్నమాట. పీడీజీఎఫ్ ముఖ్యంగా కణాలను కదిలిస్తుంది, సంఖ్య పెంచుతుంది. కణాలు ఎక్కువైనా జెల్ ముడుస్తాయి. అందుకని వైశాల్యం కొలిచాక జెల్‌ను కొల్లాజినేజ్‌తో కరిగించి బతికున్న కణాలు లెక్కపెట్టు. మందు ఇచ్చిన జెల్ ముడుచుకోలేదని సంబరపడే ముందు కూడా ఈ లెక్క చూడు, చచ్చిన కణాలూ జెల్‌ను లాగలేవు.