మందు వేసినా, మానేసినా అదే షుగర్... మా అమ్మాయిది ఏ టైప్ షుగర్, డాక్టర్?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. ఇరవై ఎనిమిదేళ్లుగా చెన్నై విల్లివాక్కంలో ఉంటున్నాం. మా అమ్మాయికి 25 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 50 కిలోలు. నాలుగు నెలల కిందట ఓఎంఆర్‌లో ఒక ఐటీ కంపెనీలో చేరేటప్పుడు చేసిన హెల్త్ చెకప్‌లో ఫాస్టింగ్ షుగర్ 126, తిన్నాక 148, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.6 వచ్చాయి. ఒక డాక్టర్ టైప్ 2 అని మెట్‌ఫార్మిన్ రాశారు. ఇప్పుడు మళ్లీ చూస్తే అదే 6.6. ఇంకొకరు ఇంత సన్నగా ఉంటే టైప్ 1 కావచ్చు, ఇన్సులిన్‌కి సిద్ధపడండి అన్నారు. సన్నటివాళ్లకు వచ్చేది టైప్ 5 అని యూట్యూబ్‌లో చెబుతున్నారు. మా ఆవిడకు అమ్మాయి కడుపులో ఉన్నప్పుడే షుగర్ బయటపడింది. రెండు కాన్పులకీ ఇన్సులిన్ వేశారు. అప్పటి నుంచి ఎప్పుడు చూసినా ఫాస్టింగ్ 118 నుంచి 130 మధ్యే. మందు వేసుకున్నా, మానేసినా అంతే. మా మామగారికీ ‘కొంచెం షుగర్’ ఉండేది, 84 ఏళ్లు బతికారు. మా అబ్బాయికి షుగర్ లేదు. అమ్మాయి 2.8 కిలోలతో పుట్టింది, వాడు 3.9 కిలోలు, ఆపరేషన్ చేసి తీశారు. ఆన్‌లైన్‌లో ఉమ్మి శాంపిల్ పంపితే జీన్స్ అన్నీ చూసి చెప్పే కిట్ ఉందట, తెప్పించమంటారా? అమ్మాయిని మా ఆవిడ తమ్ముడి కొడుక్కి ఇద్దామనుకుంటున్నాం. ఈ సంగతి వాళ్లకు చెప్పాలా? ఇంట్లో అందరం టెన్షన్‌తో ఉన్నాం.

సమాధానం: షుగర్ లెక్కలన్నీ చూశాను. కానీ వెనక్కి వెళ్లి రెండోసారి చదివింది మాత్రం పిల్లలు పుట్టినప్పటి బరువుల మాట. మీరు ఏదో మాటవరసకు రాసినట్టున్నారు. ఒకే తల్లి, రెండు కాన్పుల్లోనూ ఒకే షుగర్, ఒకే వైద్యం. షుగర్ ఉన్న అమ్మాయి మామూలు బరువుతో పుట్టింది, షుగర్ లేని అబ్బాయి కిలోకి పైగా ఎక్కువ బరువుతో పుట్టాడు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు మీకు చెప్పిన మూడు పేర్ల సంగతి చూద్దాం. టైప్ 1 అయితే శరీరంలోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. మెల్లగా మొదలయ్యేవీ ఉంటాయి గానీ, ఈ వయసులో సాధారణంగా నెలల్లోనే షుగర్ పైకి పాకుతుంది, దాహం, బరువు తగ్గడం కనిపిస్తాయి. మీ ఆవిడకు పాతికేళ్లుగా అంకె కదల్లేదు. తల్లిదీ కూతురిదీ ఒకే కథ అయితే టైప్ 1 కాదు.

టైప్ 5 పేరు 2025లో బాగా వినబడింది. ఆ జనవరిలో మన పక్కనున్న వెల్లూరు సీఎంసీలో నిపుణులు సమావేశమయ్యారు, ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన సదస్సులో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ఆ పేరును గుర్తించింది. జబ్బు కొత్తది కాదు. 1955లోనే జమైకాలో వర్ణించారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణలో చేర్చి, 1999లో తీసేసింది. చిన్నప్పటి నుంచీ సరైన తిండి లేక, బాగా బక్కచిక్కి, ఇన్సులిన్ తక్కువగా తయారయ్యేవాళ్లది ఆ జబ్బు. వాళ్ల షుగర్లు 126 దగ్గర ఆగవు, చాలా పైన ఉంటాయి. మీ అమ్మాయి సన్నగా ఉంది, అంతే. సన్నగా ఉండటం, తిండి లేకపోవడం ఒకటి కాదు.

మిగిలింది టైప్ 2. దీన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టలేను. మనవాళ్లకు సన్నగా ఉన్నా వస్తుంది, చిన్న వయసులోనే వస్తుంది. పుణె కేఈఎం ఆస్పత్రి డాక్టర్ యాజ్ఞిక్, లండన్ ప్రొఫెసర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం! చొక్కా సైజు చూసి షుగర్ లేదనుకునే మన అలవాటుకు ఇంతకంటే మంచి జవాబు నేను చూడలేదు. బ్రిటన్‌లో ఉంటున్న బంగ్లాదేశీ, పాకిస్తానీ కుటుంబాల జన్యువులను పరిశీలించిన ఇటీవలి అధ్యయనంలోనూ ఇదే తేలింది. ఇన్సులిన్ తక్కువగా తయారయ్యే గుణం, కొవ్వు చేరకూడని చోట చేరే గుణం వారసత్వంగా వచ్చినవాళ్లకు షుగర్ చాలా ముందే వస్తోంది. ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2023లో మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని లెక్క చెప్పింది. అందులో ఎక్కువ భాగం టైప్ 2 కాబట్టి, మీ అమ్మాయిని చూసిన మొదటి డాక్టర్ అటే ఆలోచించారంటే ఆయన్ని తప్పుపట్టను.

అయినా టైప్ 2 ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది. పాతికేళ్లు 118, 130 మధ్య కూర్చోదు. మూడు తరాల్లో, ముగ్గురిలో, ఒకేలా కాస్త ఎక్కువ. మందుకు లొంగదు, మందు లేకపోయినా పెరగదు. ఇలాంటి చోట నేను అనుమానించేది గ్లూకోకైనేజ్ అనే ఒకే ఒక్క జన్యువులో మార్పును. ఒక్క జన్యువు వల్ల వచ్చే ఇలాంటి షుగర్లన్నిటినీ కలిపి ఎం.ఓ.డి.వై. అంటాం, పలకడం మాత్రం మోడీ అనే. ఓపీలో ఆ మాట అనగానే ఎవరో ఒకరు నవ్వుతారు. నవ్వనివ్వండి, గుర్తుంటుంది.

ప్రెషర్ కుక్కర్ మీద వెయిట్ ఉంటుంది కదా, లోపల ఆవిరి ఇంత చేరగానే విజిల్ వేస్తుంది. క్లోమంలోని బీటా కణాల్లో గ్లూకోకైనేజ్ పని అదే. రక్తంలో షుగర్ సుమారు 90 చేరగానే ఇన్సులిన్ వదలమని చెబుతుంది. ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి దెబ్బతింటే వెయిట్ కాస్త బరువెక్కినట్టే. విజిల్ 120, 125 దగ్గర వస్తుంది. కుక్కర్ పాడైపోలేదు, మూత ఎగిరిపోదు. అందుకే తిన్నాక కూడా మీ అమ్మాయి షుగర్ 148 దగ్గరే ఆగింది. మందులు ఎందుకు పనిచేయవంటే, ఆ ఒంటికి 120 అంటేనే మామూలు. మీరు కిందికి దించితే అది సొంత ఇన్సులిన్ తగ్గించుకుని మళ్లీ అక్కడికే వస్తుంది. ఈ రకం షుగర్‌కు గ్లూకోకైనేజ్ జన్యువే కారణమన్న సంగతిని 1992లో ఫ్రాన్స్, ఇంగ్లండ్ పరిశోధకులు బయటపెట్టారు.

ఇప్పుడు పుట్టినప్పటి బరువులు. తల్లి షుగర్ మాయ గుండా బిడ్డకు చేరుతుంది. బిడ్డకు కూడా అదే జన్యువు వస్తే ఆ 120 బిడ్డకూ మామూలుగానే అనిపిస్తుంది, మామూలుగానే పెరుగుతుంది. జన్యువు రాని బిడ్డకు అది ఎక్కువ అనిపించి, ఇన్సులిన్ ఎక్కువ చేసుకుంటుంది. కడుపులో బిడ్డను లావు చేసేది ఆ ఇన్సులినే. మీ ఇంట్లో జరిగింది ఇదే కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను. అబ్బాయి బరువుకు వేరే కారణాలూ ఉండొచ్చు.

నా అంచనా నిజమైతే కబురు మంచిదే. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ బృందం సగటున దాదాపు 50 ఏళ్లుగా ఈ రకం షుగర్‌తో ఉన్నవాళ్లను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించింది. కిడ్నీలు, నరాలు, గుండె మామూలు మనుషుల్లాగే ఉన్నాయి. కంటి రెటీనాలో తేలికపాటి మార్పులు కాస్త ఎక్కువ మందికి కనిపించాయి గానీ, లేజర్ అవసరమైనవాళ్లు ఒక్కరూ లేరు. గర్భం సమయంలో తప్ప వీళ్లకు సాధారణంగా మందే అక్కర్లేదు. అలాగని లైసెన్స్ దొరికిందనుకోవద్దు. బరువు పెరిగితే వీళ్లకూ టైప్ 2 విడిగా రావచ్చు.

ఇక చేయాల్సిన పరీక్షలు. అన్నిటికంటే చవకైనది ముందు. మీరూ మీ ఆవిడా ఇద్దరూ ఒకే ఉదయం, ఒకే ల్యాబ్‌లో ఫాస్టింగ్, హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. మీరు అంటే మీరే. తండ్రి షుగర్ చూడకుండానే అమ్మవైపు నుంచి వచ్చిందని తేల్చేసే ఇళ్లు చాలా చూశాను. అమ్మాయికి హిమోగ్లోబిన్, ఐరన్ కూడా చూడాలి. ఐరన్ తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, మన అమ్మాయిల్లో అది మామూలే. తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల పరీక్ష. గ్లూకోకైనేజ్ రకం అయితే ఫాస్టింగ్ మీద పెరుగుదల చాలామందిలో 54కి లోపే ఉంటుంది. రక్షణ వ్యవస్థ దాడిని పట్టిచ్చే జీఏడీ వంటి యాంటీబాడీలు, సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సి-పెప్టైడ్ చేయిస్తే టైప్ 1 సంగతి చాలావరకు తేలిపోతుంది. ఇవన్నీ గ్లూకోకైనేజ్ వైపే చూపిస్తే అప్పుడు రక్తంతో మోడీ జన్యువుల పరీక్ష. దీనికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు, ఎండీఆర్ఎఫ్ (మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్) లాంటి చెన్నై సంస్థలు ఏళ్లుగా ఈ పని చేస్తున్నాయి. అమ్మాయిలో మార్పు దొరికితే, మీ ఆవిడలో ఆ ఒక్క మార్పు కోసం చూస్తే చాలు.

దొరికేది గ్లూకోకైనేజే అవ్వాలని లేదు. హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ అనే ఇంకో జన్యువు ఉంది. దానిలో షుగర్ ఏళ్ల తరబడి పెరుగుతుంది, వైద్యం తప్పనిసరి. కానీ గ్లిక్లజైడ్ లాంటి పాత, చవక మాత్ర చిన్న డోసులోనే దానికి అద్భుతంగా పనిచేస్తుంది. ఏళ్లుగా టైప్ 1 అనుకుని ఇన్సులిన్ పొడుచుకున్నవాళ్లు ఆ మాత్రకు మారిన సందర్భాలున్నాయి. పేరు తేల్చుకోవాలి అని నేను పట్టుబట్టేది అందుకే.

ఉమ్మి కిట్ తెప్పించకండి. అది వేరే పని చేస్తుంది. టైప్ 2కి సంబంధించి 2024లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం 25 లక్షల మందికి పైగా డీఎన్ఏ చూసి 611 చోట్ల తేడాలు గుర్తించింది. ఒక్కో తేడా బరువు ఆవగింజంత. కిట్లు అలాంటివాటిని కూడి ‘మీకు రిస్క్ ఎక్కువ’ అంటాయి. షుగర్ వచ్చాక ఆ మాటతో పనేముంది? అరుదైన మార్పుల దగ్గరైతే మరీ ఘోరం. ఆ కిట్లలో చాలావరకు వాడే చిప్ పద్ధతి అత్యంత అరుదైన మార్పు ఉందని చెబితే, ఎక్కువసార్లు అది తప్పేనని 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తేలింది.

అసలైన జన్యు పరీక్షలోనూ ఒక తలనొప్పి ఉంది. ‘మార్పు ఉంది, అర్థం తేలలేదు’ అని రిపోర్టు రావచ్చు. పోల్చడానికి ఉన్న సమాచారంలో ఎక్కువ భాగం యూరప్‌వాళ్లది కావడం దీనికి ఒక కారణం. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 జనసమూహాల నుంచి 9,772 మంది జన్యుక్రమాలు చదివి 2025లో వివరాలు ప్రచురించింది కాబట్టి, ముందు ముందు ఈ ఇబ్బంది తగ్గాలి. అలాంటి రిపోర్టు వస్తే భయపడి ఏమీ మార్చకండి, జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడండి.

ఇప్పుడు పెళ్లి. మీరు చివర్లో అడిగారు గానీ నా దృష్టిలో ఇదే పెద్దది. ఈ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. దెబ్బతిన్న ప్రతి ఒక్కటే వస్తే ఏమవుతుందో మీ ఇంట్లోనే చూస్తున్నారు, పెద్దగా ఏమీ కాదు. మేనరికంలో లెక్క మారుతుంది. ఇది మీ మామగారి నుంచి వచ్చిందనుకుందాం. మీ బావమరిదికి ఉండే అవకాశం సగం, ఆయన కొడుక్కి నాలుగో వంతు. ఆ అబ్బాయికీ ఉండి, మీ అమ్మాయికీ ఉంటే, వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకు రెండు ప్రతులూ చెడ్డవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అప్పుడు అది ‘కొంచెం షుగర్’ కాదు. పుట్టిన రోజుల్లోనే బయటపడే తీవ్రమైన షుగర్, జీవితాంతం ఇన్సులిన్. చాలా అరుదు, కానీ ఇలాంటి పెళ్లిళ్లలోనే అది కనిపిస్తుంది. మేనరికం వద్దని నేను ఉపన్యాసం ఇవ్వను. ఆంధ్రాలోనూ తమిళనాడులోనూ నాలుగింట ఒక పెళ్లి రక్తసంబంధంలోనే జరుగుతోందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది, ఉపన్యాసాలకు అవి ఆగలేదు. మీ బావమరిదికీ, ఆయన కొడుక్కీ ఫాస్టింగ్ షుగర్ చేయించండి చాలు. ఇద్దరికీ 90 లోపు ఉంటే ఈ విషయంలో భయం చాలావరకు పోయినట్టే. అమ్మాయిలో మార్పు దొరికాక, ఆ అబ్బాయికి కూడా అదే పరీక్ష చేస్తే పూర్తిగా తేలిపోతుంది. మేనరికంతో వచ్చే మిగతా జన్యు సమస్యల గురించి కౌన్సెలర్‌ని విడిగా అడగండి.

కాబట్టి చెప్పాలా అంటే చెప్పాల్సిందే, వాళ్ల పరీక్ష లేకుండా మీ లెక్కే తెగదు. బయటి సంబంధమైనా దాచమనను. కాకపోతే పేరు తేలకముందే ‘షుగర్ పేషెంట్’ అని ముద్ర వేయించుకోవద్దు. రిపోర్టు చేతికొచ్చాక, అది ఏమిటో తెలిసి చెప్పండి. పెళ్లయ్యాక గర్భం వస్తే మొదటి విజిట్‌లోనే డాక్టర్‌కి ఈ సంగతి చెప్పాలి. బిడ్డ ఎలా పెరుగుతుందో స్కానింగ్‌లో చూస్తూ, ఇన్సులిన్ కావాలా వద్దా అన్నది నిర్ణయిస్తారు.

మెట్‌ఫార్మిన్‌ను ఈ జవాబు చదివి ఆపేయకండి. పరీక్షలు అయ్యాక, చూస్తున్న డాక్టరే ఆపాలి. ఈలోగా అమ్మాయికి విపరీతమైన దాహం, ఊరికే బరువు తగ్గడం, వాంతులు, ఆయాసం కనిపిస్తే మాత్రం నా అంచనా తప్పని అర్థం, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఆవిడ పాత ల్యాబ్ రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. అటక మీద ఆ రెండు కాన్పుల కార్డులు దొరికితే అవి అన్నిటికంటే పైన పెట్టండి.