కుక్క కరిస్తే పసరు తాగించాం.. మిగతా ఇంజెక్షన్లు వేయించాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. ఐదు రోజుల క్రితం మా బాబును (9 ఏళ్లు) వీధికుక్క పిక్క మీద కరిచింది. రక్తం వచ్చింది. ఇంట్లో కారం, సున్నం పెట్టారు. మర్నాడు పీహెచ్‌సీలో చేతికి ఒక ఇంజెక్షన్ వేయించాం. తర్వాత మా అత్తయ్య పక్క ఊరు తీసుకెళ్లి పసరు తాగించారు. ఇక ఇంజెక్షన్లు వేస్తే వికటిస్తుందని, 40 రోజులు పథ్యం చాలని అక్కడ చెప్పారట. అదే కుక్క మా పక్కింటి బాబాయిని కూడా కరిచింది. ఆయన పసరు మాత్రమే తాగారు, బాగానే ఉన్నారు. బాబు పుండు కూడా మానుతోంది. మిగతా ఇంజెక్షన్లు బొడ్డు చుట్టూ 14 వేస్తారంటే టెన్షన్‌గా ఉంది. వేయించాలా? కుక్క ఇప్పుడు కనిపించడం లేదు.

జవాబు: అమ్మా, మీ మెయిల్ చూడగానే బాబును ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లమని రాసి పంపాను. వెళ్లారనే అనుకుంటున్నాను. ఎందుకంత తొందరపెట్టానో ఇక్కడ వివరంగా చెబుతాను. ఇదే సందేహం చాలా ఇళ్లలో ఉంది.

పుండు మానడానికీ రేబిస్ రాకపోవడానికీ సంబంధం లేదు. కుక్క లాలాజలంలోని వైరస్ కండలోంచి నరంలోకి చేరి, నరం వెంబడి మెల్లగా మెదడు వైపు పాకుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారం రోజులే, కొందరిలో ఏడాది కూడా. పైన చర్మం మానిపోయి, పిల్లాడు ఆడుకుంటూ ఉన్నప్పుడే లోపల ఈ ప్రయాణం జరుగుతుంటుంది. మెదడుకు చేరకముందే శరీరం వైరస్‌తో పోరాడేలా సిద్ధం చేయడమే టీకా పని. నీళ్లు చూస్తే, గాలి తగిలితే గొంతు బిగుసుకుపోయే దశ వచ్చాక ప్రాణం నిలపడం దాదాపు అసాధ్యం.

మరి పసరు తాగినవాళ్లు బాగానే ఉన్నారు కదా అంటారు. ఉంటారమ్మా. కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు. రేబిస్ ఉన్న కుక్క కరిచినా అందరికీ జబ్బు రాదు. వంద మందికి పసరు పోస్తే, అసలు ఏమీ పోయకపోయినా బాగుండేవాళ్లే వాళ్లలో ఎక్కువ. వాళ్లంతా ఊళ్లో తిరుగుతూ ఆ మందు పేరు చెబుతుంటారు. జబ్బు వచ్చినవాళ్లు చెప్పడానికి మిగలరు. వాళ్ల ఇంట్లోవాళ్లేమో పథ్యం తప్పింది, అందుకే ఇలా అయిందనుకుంటారు. పచ్చకామెర్ల ఆకుమందుకు పేరొచ్చిందీ ఇలాగే. హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు ఆకుకు దక్కుతుంది.

పసరు పోసేవాళ్లంతా మోసగాళ్లని నేననను. కొందరు డబ్బు కూడా తీసుకోరు, వాళ్లకూ నమ్మకమే. కానీ నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక కుర్రాడిని తీసుకొచ్చారు. రెండు నెలల కింద కుక్క కరిచింది. వాళ్లమ్మ నీళ్ల గ్లాసు పట్టుకుని, "మందు పోయించామయ్యా, పథ్యం కూడా తప్పలేదు" అని పదేపదే చెప్పింది. ఆ పిల్లాడు గుక్క నీళ్లు మింగలేకపోయాడు. మూడో రోజు పోయాడు. అందుకే మీకు అంత గట్టిగా రాశాను.

పసరు తాగాక టీకా వేస్తే వికటించదు. టీకాకు పథ్యమూ లేదు. బాబుకు గుడ్డు, మాంసం, పెరుగు అన్నీ పెట్టండి. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్ల మాట మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన పాత టీకాను ఒకప్పుడు పొట్ట మీదే, రోజుల తరబడి వేసేవారు. నరాలకు హాని చేసే ప్రమాదం కూడా దానికి ఉండేది. 2005 కల్లా మన దేశంలో దాన్ని ఆపేశారు. ఇప్పుడు చేతికే వేస్తారు. పీహెచ్‌సీల్లో సాధారణంగా మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. బాబుకు రెండోది నిన్న పడాల్సింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఈ రోజు వేయించండి, మిగతా తేదీలు అక్కడి డాక్టరు సర్ది రాసిస్తారు.

రక్తం వచ్చిందన్నారు కాబట్టి టీకా ఒక్కటే చాలదు. రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందును పుండు చుట్టూ ఎక్కించాలి. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా కాపాడేది ఇదే. మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపే దీన్ని ఇస్తారు, అంటే మీకింకా వ్యవధి ఉంది. పీహెచ్‌సీలో లేకపోతే అక్కడ ఆగిపోకండి, ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో వెళ్లండి. ధనుర్వాతం టీకా గురించి కూడా అడగండి.

ఇకముందు ఇంట్లో ఎవరిని కరిచినా కారం, సున్నం, కాఫీపొడి పెట్టనివ్వకండి. పుండు ఇంకా రేగుతుంది. కుళాయి కిందో, చెంబుతో పోస్తూనో సబ్బు పెట్టి 15 నిమిషాలు కడగండి. ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీలుస్తుంది. మీ అత్తగారు మనవడి మీద ప్రేమతోనే తీసుకెళ్లారు. ఆమెను కోప్పడకుండా, ఆసుపత్రికి వెంట రమ్మనండి.

కుక్క కనిపించడం లేదన్నారు. పది రోజులు కళ్లముందు ఆరోగ్యంగా తిరిగి ఉంటే, కరిచిన రోజున దానికి రేబిస్ లేదని చెప్పగలిగేవాళ్లం. ఆ అవకాశం పోయింది. పైగా, బాగానే ఉన్నారని మీరు రాసిన పక్కింటి బాబాయి గారికి ఇప్పటిదాకా ఒక్క టీకా కూడా పడలేదు. కాబట్టి ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లండి.