చంద్రుడి పెనెట్రేటర్ నేలలో వంగి విరుగుతోందా? కారణం వేగం కాదు

పెనెట్రేటర్ అంటే వేగంగా వచ్చి నేలలోకి దిగబడే సన్నని గొట్టంలాంటి ప్రోబ్. చంద్రుడి కక్ష్యలో 25 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలిన మీ పెనెట్రేటర్ మోడల్ నేలకు తగిలి విరిగితే, కారణం గోడ మందం కాదు, ముక్కు దిశ. 285 మీ/సె వేగంతో తగిలి 2 మీటర్లలో ఆగితే సగటు భారం దాదాపు 2,070 జీ (భూమి గురుత్వానికి 2,070 రెట్లు). నిలువుగా దిగితే గట్టి గొట్టం దాన్ని తట్టుకుంటుంది. విరిచేది పక్కనుంచి పడే బలం.

1. డీఆర్బిట్ మోటార్ (కక్ష్య నుంచి కిందికి దింపే రాకెట్) 1.67 కి.మీ/సె అడ్డవేగాన్ని ఆపాక, మోటార్‌ను విడదీయండి.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే: మోటార్ ఆగినా పెనెట్రేటర్ ఇంకా అడ్డంగానే ఉంటుంది. గాలి లేదు కాబట్టి రెక్కలు పెట్టినా తిరగదు. (1999లో అంగారకుడికి పంపిన డీప్ స్పేస్ 2 ప్రోబ్‌లను నిలువుగా తిప్పే పని అక్కడి గాలికీ కవచానికీ అప్పగించారు.) మీరు మాత్రం గ్యాస్ జెట్‌తో 90 డిగ్రీలు కిందికి తిప్పాలి. సమయం 176 సెకన్లే.

3. మోటార్ 1 శాతం తప్పినా 17 మీ/సె అడ్డవేగం మిగులుతుంది, అంటే తగిలేటప్పుడు వేగదిశ నిలువు నుంచి 3.4 డిగ్రీలు పక్కకు ఒరుగుతుంది. అందుకే ముక్కును నిట్టనిలువుకు కాకుండా, తగిలే క్షణంలో ఉండే వేగదిశకు సరిపెట్టండి.

4. స్పిన్ ఇస్తే పాసివ్ డ్యాంపర్ (ఊగిసలాటను తగ్గించడానికి పెట్టే, దానంతట అదే పనిచేసే పరికరం) వద్దు. సన్నని పొడుగు వస్తువు పొడవు అక్షం చుట్టూ తిరిగేటప్పుడు ఆ డ్యాంపర్ ఊగిసలాటను పెంచుతుంది.